మూల చింపిన చీటీ

నేవీలో మా తమ్ముడికి అప్పగించిన మొదటి పెద్ద పని గాయపడ్డవాడిలా పడుకోవడం. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ రోజుల్లో నేను మాత్రం నవ్వలేకపోయాను. వాణ్ణి ఆ ఓడ ఎక్కించింది నేనే. ఎక్కించిన తీరు మా అవ్వకు, మమ్మల్ని కన్నతల్లికి, తెలియదు.

ఆ తీరు ముందే చెప్పేస్తాను. అది దాచిపెట్టి మిగతాదంతా చెబితే నేను మంచి అక్కలా కనిపిస్తాను. అలా కనిపించే విద్య నాకు బాగానే వచ్చు గానీ ఈసారికి వద్దు.

మాది హుజూరాబాద్ దగ్గర నేతవాళ్ళ ఊరు. ఇంట్లో రెండు గుంత మగ్గాలు. నేను హాస్టళ్ళలో ఉండి చదువుకుని, హైదరాబాదులో బి.ఏ. అయ్యాక, కరీంనగర్‌లో ఒక ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరాను. మా ఆయన ఇచ్చోడలో అటవీశాఖ గుమాస్తా. బదిలీ కోసం ఆయన పెట్టిన దరఖాస్తు ఏ బల్ల కింద నిద్రపోయిందో గానీ, మా కాపురం సెలవులకు మాత్రమే సాగేది. మిగతా శనివారాలు నేను బస్సెక్కి అవ్వ దగ్గరికి పోయేదాన్ని.

మా నాన్న, బాపు అనేవాళ్ళం, ఒక వానాకాలంలో పోయాడు. కడుపునొప్పి మొదలైన రెండో రోజున మంచం మీదే కరీంనగర్ దవాఖానకు మోసుకుని బయలుదేరారు. దారిలో వాగు పొంగింది. పొద్దున ఒడ్డు చేరినవాళ్ళు పొద్దు వాలేదాకా అక్కడే నిలబడ్డారు. అవతలి ఒడ్డున బస్సు కనిపిస్తూనే ఉందట. తమ్ముడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. మంచం తలాపున గొడుగు పట్టుకున్నాడు. బాపు ఇక లేడని పెద్దవాళ్ళు తేల్చాక కూడా వాడు గొడుగు దించలేదని చెబుతారు. నేను అక్కడ లేను. హైదరాబాదులో పరీక్ష రాస్తున్నాను.

ఆ తర్వాత అవ్వ మగ్గం గుంతలోకి దిగింది. ఆడమనిషి మగ్గం మీద కూర్చోవడమేమిటని వాడకట్టంతా నోరు నొక్కుకుంటే, "మీరచ్చి నేస్తరా, మీ పెండ్లాలను తోలిస్తరా?" అని అడిగింది. నా నోరు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ వెతకనక్కరలేదు.

పదిహేడేళ్ళు నిండగానే తమ్ముడు నేవీకి దరఖాస్తు పెట్టాడు. హైదరాబాదు వెళ్ళి పరీక్షలన్నీ నెగ్గి వచ్చాడు. ఓడల మీద దవాఖాన పని నేర్పుతామన్నారు. ఇంటి పెద్ద ఒప్పుదల కాగితం ఒకటి కావాలన్నారు. అవ్వ ఒప్పుకోలేదు.

"నీళ్ళ మీద కొలువేంది బిడ్డా? వాగు ఒకలను తిన్నది సాలదా? ఉన్న ఒక్క పొల్లగాన్ని సముద్రానికియ్యాల్నా?"

నేను వాదించాను. మగ్గం మీద వాడి వెన్ను ఇరవై ఏళ్ళకే వంగిపోతుందని నా బాధ. ఆ బాధ నిజమే. చదువుకున్నదాన్ని, నాకు తెలియదా అన్న పొగరు అంతకన్నా నిజం. నెల రోజులు వాదించి నెగ్గలేక, మోసం చేశాను. చేనేత సంఘం నుంచి నూలు తెచ్చుకున్నప్పుడల్లా అవ్వ ఒక కాగితం మీద వేలిముద్ర వేసేది. ఒక ఆదివారం సిరా దిమ్మె తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"ఏం కాయిదమే గిది?"

"నూలు కాయిదమవ్వా."

"మొన్ననే ఏసిన గద?"

"గది తప్పిపోయిందట. మల్ల ఇచ్చిండ్రు."

అవ్వ బొటనవేలు చాచింది. పట్టుకుని సిరా అద్దింది నేను, ఒత్తింది నేను, తర్వాత నా కొంగుతో తుడిచింది కూడా నేనే. వాడు వెళ్ళే రోజున, సర్కారు ఎంచుకున్నాక అడ్డం చెప్పరాదని అవ్వకు చెప్పాను. నమ్మింది. నిజాం కాలం నుంచీ సర్కారు అడిగితే ఇవ్వడమే గానీ సర్కారును అడగడం తెలియని తరం ఆమెది.

తమ్ముడి ఉత్తరాలు మా ఊరి ఇంటికే వచ్చేవి. అవ్వ వాటిని విప్పకుండా దీపం గూట్లో పెట్టేది. శనివారం నేను వెళ్ళి చదవాలి. వాడు మాట్లాడినట్టే రాసేవాడు. మొదటి ఏడాది ఉత్తరాల్లో అన్నం, చలి, కసరత్తు, అంతే. రెండో ఏడు, పాకిస్తాన్‌తో యుద్ధం ముగిసిన మరుసటి వానాకాలంలో, కొత్త సంగతి మొదలైంది. దెబ్బ తగిలినవాళ్ళను నడిసముద్రంలో ఓడ మీది నుంచి హెలికాప్టర్‌లోకి ఎత్తి ఒడ్డుకు చేర్చడం ఎలాగో నేర్పుతున్నారట. ఆ ఉత్తరంలో ఒక పుట నాకు ఇప్పటికీ నోటికి వచ్చు:

"అక్కా, వెదురు బద్దలు పెట్టి కుట్టిన మందం గుడ్డ ఉంటది. మనిషిని దాంట్ల పండవెట్టి చాప సుట్టినట్టు సుట్టి పట్టీలు బిగిస్తరు. చేతులు లోపట్నే. మొఖం ఒక్కటే బయట. పైన హెలికాప్టర్ ఆగి ఉంటది, కింద ఓడ ఊగుతుంటది. దాని గాలికి నిలవడరాదు. తాడు దించుతరు. తాడు కొసకున్న కొక్కెం ముందుగాల ఓడకు తాకాలె, గప్పుడే ముట్టాలె. లేకుంటె కరెంటు కొడ్తది. నిజంగ ఎవలికన్న దెబ్బ తాకితె దినమంత పట్టే దారి ఇరవై నిమిషాలల్ల పోతరట. బాపును వాగు దాటియ్యడానికి గిసొంటిది ఒక్కటుంటె సాలకపోవునా?"

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. "పోయిన నెల కొక్కెం ఊగి తాకి ఒకని చెయ్యి ఇరిగింది. నాకేం కాదు, ఫికర్ చెయ్యకు. వచ్చే గురువారం రోగి వేషం నాది. అందరికన్న బక్కగున్నదని నన్నే ఎంచిండ్రు. అవ్వకు చెప్పకు."

చెప్పకు అన్నది వాడు. ఎగిరి గంతేసి ఒప్పుకున్నది నేను. అవ్వకు చదివి వినిపించిన పాఠం ఇది: "మంచిగున్నడట. పూటకు గుడ్డు పెడ్తున్నరట. దవాఖానల గోలీలిచ్చే పనట."

అవ్వ కాగితం వైపు మెడ చాచింది. "గంతేనా? రెండు పుటలు రాసిండు."

"పెద్దపెద్ద అక్షరాలవ్వా."

"పోయినసారి సన్నగ రాసిండు."

అక్షరం రాదు గానీ వరుసలు లెక్కబెడుతుంది. పడుగు పోగులు లెక్కబెట్టే కన్ను. నేను ఉత్తరం మడిచి మాట మార్చాను.

ఆ గురువారం వచ్చింది, పోయింది. ఆ శనివారం ఉత్తరం లేదు. పై శనివారమూ లేదు. నేను సముద్రం చూసినదాన్ని కాదు. కరీంనగర్‌లో వాన పడితే సముద్రంలోనూ పడుతుందనుకునేదాన్ని. బడిలో భూగోళం చెప్పే టీచరును పట్టుకుని, అరేబియా సముద్రంలో ఈ నెలలో అలలెంత లేస్తాయని అడిగాను. "నాకేమెర్క? నేను హనుమకొండ దాటలే" అంది. నిజాయితీ గల మనిషి. తాడు కొసన తమ్ముడు గిరగిర తిరుగుతున్నట్టు క్లాసులో నల్లబల్ల ముందు కూడా కనిపించేది. ఒకనాడు పిల్లలు, "టీచర్, ఒకటే వాక్యం మూడుసార్లు రాసిండ్రు" అని నవ్వారు. వాళ్ళను గట్టిగా కసిరాను. తప్పు నాది, తిట్లు వాళ్ళకు. నా పద్ధతి అంతే.

ఆ రెండో శనివారం తర్వాతి మంగళవారం మధ్యాహ్నం హుజూరాబాద్ బస్సు కండక్టరు బడి గేటు దగ్గరికి వచ్చాడు. మా వైపు కబుర్లు బస్సుల మీదే తిరుగుతాయి. "టీచరమ్మా, మీ అవ్వ జల్ది రమ్మన్నది" అన్నాడు.

"ఎందుకట?"

"ఎందుకో చెప్పలే." అతను నా ముఖం వైపు కాక నా చెప్పుల వైపు చూశాడు. అంతకన్నా ఏం చెప్పాలి?

బస్సులో కిటికీ పక్కన కూర్చుని లోకంలోని దేవుళ్ళందరితో వాదించాను. కాపాడమని అడగలేదు, వాదించాను. నూలు కాగితమన్నది నేను కదా, శిక్ష వేస్తే నాకు వెయ్యండి, వాడి జోలికెందుకు? బదులు రాలేదు. వాగు మీద కొత్త వంతెన దాటుతుంటే కళ్ళు మూసుకున్నాను.

ఇంటి ముందు అరుగు మీద పదిమంది ఆడవాళ్ళు. మగ్గం చప్పుడు లేదు. అవ్వ తలమీద నీళ్ళు పోసుకుని తడిచీరతో గడప బయట కూర్చుంది. ఏడవడం లేదు. ఆమె వాటా కూడా పక్కింటి పెద్దమ్మే ఏడుస్తోంది.

"అచ్చినవా బిడ్డా! మూల చింపి పంపిండ్రే! మన పొల్లగాని కాయిదం మూల చింపి పంపిండ్రే!" అంటూ పెద్దమ్మే నాకు ఎదురొచ్చింది.

చావు కబురు మోసే ఉత్తరానికి మా వైపు మూల చింపుతారు. అక్షరం రానివాళ్ళకు కూడా ఆ ఒక్కటి చదవడం వస్తుంది. అలాంటి కాగితం గడప దాటి లోపలికి రాకూడదు. వాకిట్లోనే చూసి, వెంటనే చింపి పారేసి, తలమీద నీళ్ళు పోసుకోవాలి. అవ్వ అన్నీ పద్ధతిగానే చేసింది. పొద్దున పోస్టుమన్ ఇచ్చిన కవరు వానకు తడిసి పక్క విచ్చుకుని ఉందట. అందులోంచి ఒక అట్టముక్క బయటికి తొంగిచూసింది, ఒక మూల లేకుండా.

ఆ అట్టముక్కను మాత్రం నాతో చదివించడానికని చింపకుండా వాకిట్లో రాయి కింద పెట్టింది. వంగి తీశాను. అరచేయంత ఉంది. పైన చిల్లు, చిల్లులో దారం. కింది మూల సాఫుగా చింపేసి ఉంది. అచ్చులోనూ చేతిరాతలోనూ అంతా ఇంగ్లీషే.

"బయటనే నిలవడి సదువు" అంది అవ్వ.

తమ్ముడి పేరు, నంబరు ఉన్నాయి. కింద: ఎడమ తొడ ఎముక విరిగింది. రక్తం చాలా పోయింది. స్పృహ సరిగా లేదు. నొప్పికి సూది ఇచ్చాం. విమానంలో ఒడ్డుకు తరలించాలి. తేదీ ఆ గురువారానిదే.

ఇది వేషంలో భాగమై ఉంటుందని తట్టలేదా అని మీరు అడుగుతారు. తట్టింది. అయితే ఆ వేషంలోనే ఒకడి చెయ్యి నిజంగా విరిగిందని నాకు తెలుసు. ఇది ఆట, ఇది నిజం కాదు అన్న మాట ఆ అట్టమీద ఎక్కడా లేదు. వెనక్కి తిప్పి చూశాను. ఎండకు పట్టి చూశాను. పదేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నదాన్ని. ఉన్నది మాత్రమే చదవగలిగాను.

"పానమున్నదా లేదా, గదొక్కటి చెప్పు."

"అందుల లేదవ్వా."

"మరి గంత సదువు ఎందుకు సదివినవే?"

అట్టను మళ్ళీ రాయి కింద పెట్టాను. రెండేళ్ళుగా మింగుతున్నది బయటికి వచ్చేసింది.

"అవ్వా, సర్కారు వాన్ని తీస్కపోలే. నేను పంపిన. గా ఆదివారం నీతోని ఏలిముద్ర ఏయించిన కాయిదం నూలుది గాదు. వాన్ని పంపుతున్నవని ఒప్పుదల కాయిదం. నేను అబద్ధమాడిన. ఉత్తరాలు గూడ సగం సగమే సదివిన."

పెద్దమ్మ ఏడుపు మధ్యలో ఆగిపోయింది. అరుగు మీద ఎవరో "ఓరి దేవుడా" అన్నారు. అవ్వ తన బొటనవేలు ఎత్తి చూసుకుంది, అది వేరెవరిదో అయినట్టు.

"నా ఏలేనా?"

"ఆఁ."

"నేను పరేషానైతున్న, సర్కారుకు మా ఇల్లెట్ల దొరికిందని."

కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. వేలిని తడిచీర మడతలో దాచుకుని, ముఖం మగ్గం వైపు తిప్పుకుంది.

అదే సమయానికి పోస్టుమన్ సైకిలు దిగాడు. అవ్వ కన్నా నాలుగేళ్ళు పెద్ద. మా తాత కాలం నుంచీ ఆ బీటు ఆయనదే. "పొద్దుగాల కవరు ఇచ్చిన సంది నా మనసు మనసుల లేదు. ఉత్తరంల ఏం రాసిండ్రమ్మా?" అన్నాడు.

"ఉత్తరం లేదు పెద్దబాపూ. గీ అట్ట ఒక్కటే" అన్నాను.

"ఎట్ల లేదు? కవరు బరువుండె. లోపట కాయిదాలు మడతలు మడతలు నా చేతికి తాకినయ్."

నేను అవ్వ వైపు తిరిగాను. "ఉత్తరమేదవ్వా?"

"చింపిన."

"ఏడ ఏసినవ్?"

"పెంట మీద. మరి నెత్తి మీద పెట్టుకుంటరా గసొంటిదాన్ని?"

"చింపుడే గదనే పద్ధతి!" అని పెద్దమ్మ సాక్ష్యం చెప్పింది.

నేను దొడ్లోకి పరుగెత్తాను. పెంటకుప్ప మీద పెద్దమ్మ మేక నిలబడి, దవడ అటూ ఇటూ తిప్పుతూ తెల్లటిదేదో నములుతోంది. నా జన్మలో మేకను అన్ని మాటలు ఎప్పుడూ అనలేదు. నోట్లోది లాగబోతే తల విదిలించి మింగేసింది. "దాన్ని కొట్టకే, కట్టుతోనున్నది!" అని పెద్దమ్మ అరిచింది. మేక కడుపులో పిల్ల మీద ఉన్న దయ నా మీద లేదు ఎవరికీ.

మొదట కవరు దొరికింది. విలాసం తమ్ముడి చేతిరాతే. ఎగిరి వచ్చి అవ్వ ముందు పెట్టాను.

"చూడు! వాని రాత! సచ్చినోడు విలాసం రాస్తడా?"

"ముందుగాల రాసి పెట్టుకున్నదేమో. పోయిన పండుగకు వచ్చినప్పుడు డజను కవర్లు రాసుకోలేదా? నువ్వే రాయమంటివి."

వాదనలో నన్ను ఓడించేది ఆమె ఒక్కతే. అది నిజమే, నేనే రాయించాను. అంటే లోపలి ఉత్తరమే చెప్పాలి. పోస్టుమన్, నేను, చివరికి పెద్దమ్మ కూడా కొంగు నడుముకు చుట్టి పెంట మీద ముక్కలు ఏరాం. చిన్నచిన్న ముక్కలు, తడిసినవి, పేడ అంటినవి. నూలు తెంపే చేతులతో చింపిన కాగితం కదా, సన్నగా చింపింది.

అరుగు మీద పాత గుడ్డ పరిచి ముక్కలు పోశాను. ఒక్కొక్కటీ ఎత్తి చదవబోయాను. ఒకదాని మీద "న్నడు", ఇంకోదాని మీద "ఓడ", మరొకదాని మీద సగం అక్షరం. ఎంతసేపు తిప్పినా రెండు ముక్కలు కలవలేదు. పొద్దు వాలుతోంది.

అవ్వ లేచి వచ్చింది. నా చెయ్యి పక్కకు నెట్టి కూర్చుంది. అక్షరాల వైపు చూడనే లేదు. చిరిగిన అంచుల వైపు చూసింది. తెగిన పోగు ఏ పోగుకు అతకాలో వెతికినట్టు, ఒక ముక్క అంచు మీద వేలు నడిపి, కుప్పలోంచి ఇంకో ముక్క ఎత్తి పక్కన పెట్టింది. అతికింది. మరొకటి. పడుగుకు పట్టే గంజి కుండ తెమ్మని పెద్దమ్మను కసిరింది. గంజి అద్దుతూ గుడ్డ మీద ఒక్కొక్కటే ఒత్తింది. కొన్ని తలకిందులుగా అతికించిందనుకున్నాను. చూస్తే అది ఉత్తరం వెనక పుట.

మొదట నిండుగా కుదిరిన వరుస ఇది: "దిగినంక చాయ తాగిన, అవుగని కాళ్ళు వణుకుడు ఆగలే."

"అవ్వా!" అని అరిచాను. "చాయ తాగిండట! పైకి ఎత్తి దించినంక చాయ తాగిండట!"

"నిజంగ ఉన్నదా గా మాట? నువ్వు కలుపుతున్నవా?"

పోస్టుమన్ వంగి చూశాడు. "ఉన్నదమ్మా. చాయ అనే ఉన్నది."

అప్పుడు అవ్వ ఏడ్చింది. ఏడుస్తూనే అతికించింది.

సగం సగం వరుసలు కూడదీసుకుని చదివాను. అట్ట వేషంలోదే. రోగి చొక్కా గుండీకి కడతారట, ఎక్కడ ఏ దెబ్బ తగిలిందో రాసి. రోగిని పైకి ఎత్తేముందు ఓడవాళ్ళు ఒక మూల చింపి తమ దగ్గర ఉంచుకుంటారు, మనిషిని అప్పగించినట్టు గుర్తు. మిగతాది రోగితో పోతుంది. "గిరగిర తిరిగిన అక్కా. సముద్రం, ఓడ, సముద్రం, ఓడ. కండ్లు మూసుకుంటె బాపు మంచం కనవడ్డది. పైకి తీసుకున్నంక ఒకాయన నా తలకాయ నిమిరిండు. ఉత్త వేషమే అని ఆయనకెర్కే, అయినా నిమిరిండు. చీటీ గుర్తుకు పంపుతున్న, దాసిపెట్టు." ఇది అభ్యాసం అన్న మాట ఆ చింపిన మూలమీదే అచ్చై ఉంటుందని వాడు తర్వాత చెప్పాడు. రెండేళ్ళు ఓడ మీద ఉండేసరికి మా ఊళ్ళో మూలకు అర్థమేమిటో మరిచిపోయాడు, వెధవ. నాలుగు రోజులు సెలవు మీద వచ్చినప్పుడు మూడు రోజులు దాని గురించే తిట్టాను.

ఉత్తరంలో ఇంకా ఉంది. చదువుతూ చదువుతూ ఒక చోట గొంతు ఆపి, కింది వరుసలోకి దిగాను. అవ్వ వేలు వచ్చి గుడ్డ మీద ఆగింది.

"గీ వరుస సదవలే."

పోస్టుమన్ నా వైపు చూశాడు. పెద్దమ్మ చూసింది. గుడ్డ మీద గంజి ఇంకా తడిగానే ఉంది. ఆ వరుస చదివాను.

"హెలికాప్టర్‌లనే ఉండి తాడు మీద దిగి దెబ్బ తాకినోన్ని ఎత్తుకచ్చే పనికి నన్ను అడుగుతున్నరు. ఇరవయ్యొకటి నిండలే గనుక ఇంటి ఒప్పుదల కావాలె. కాయిదం ఎనుకనుంచి వస్తది. పోయినసారి లెక్కనే నువ్వే సూసుకో అక్కా."

"ఇద్దరు కలిసి చేసిండ్రన్నట్టు" అంది అవ్వ. ఆ పని ఎప్పుడు మొదలవుతుందో రాసిన ముక్క ఒక్కటే కుదరలేదు. అది మేక కడుపులో ఉంది.

మరునాడు బదులు రాయాలి. నేను కలం తీశాను. అవ్వ పోస్టుమన్ కోసం కబురు పెట్టింది. "రాతకు నువ్వద్దు" అని ఒక్కటే మాట. ఆయన అరుగు మీద కూర్చుని రాశాడు. రాసింది రెండుసార్లు చదివించుకుంది. నేను గుమ్మంలో నిలబడి, నా తల్లి నా తమ్మునికి రాయిస్తున్న ఉత్తరం పరాయిదానిలా విన్నాను.

"పట్టీలు బిగించినంక ముడి నువ్వు ఒకపారి చూసుకో. ఇంకొకన్ని నమ్మకు. మీ అక్కనసలే నమ్మకు. చీటీలు పంపకు. కాయిదం వస్తె నా ముందట సదివిస్త. ఏలిముద్ర ఏస్తనో ఎయ్యనో గప్పుడు చెప్త."

ఆ కాగితం మూడు వారాలకు వచ్చింది. ఆ మూడు వారాలు నేను వెళ్ళిన ప్రతి శనివారమూ మా మధ్య మగ్గం చప్పుడు తప్ప మాట లేదు. నేను చేసిన కూర తినేది, బాగుందని గానీ బాగాలేదని గానీ అనేది కాదు. మా అవ్వ వంక పెట్టకుండా కూర తినడం ఎంత భయంకరమో ఆమె చేతి కింద పెరిగినవాళ్ళకే తెలుస్తుంది.

కాగితాన్ని ముందు పోస్టుమన్‌తో చదివించింది. తర్వాత మిషన్ దవాఖానలో పని చేసి వచ్చిన ఒక క్రైస్తవుల ఇంటి నర్సమ్మను పిలిపించి చదివించింది. చివరికి శనివారం నాకిచ్చింది. ముగ్గురం చెప్పింది ఒకటేనా కాదా అని చూడడానికి. నేను ఒక్క అక్షరం వదలకుండా చదివాను. ప్రమాదం జరగవచ్చని రాసిన వరుస దగ్గర గొంతు తగ్గించలేదు.

అవ్వ కాగితం తన ముందుకు లాక్కుంది. తర్వాత అడిగింది: "దెబ్బ తాకినోన్ని గట్ల ఎత్తుకపోతె బతుకుతడా?"

బతుకుతాడవ్వా అని నోటి చివరిదాకా వచ్చింది. "కొందరు బతుకుతరు" అన్నాను.

"కొందరేనా?"

"కొందరే."

"తాడు తెగితె?"

"తెగితె వాడూ పడ్తడు, కట్టుకున్నోడూ పడ్తడు. తెగద్దనే నేర్పుతున్నరు."

"వాగు కాడ పొద్దంత నిలవడ్డం" అంది. నాతో కాదు. "బస్సు కనవడుతనే ఉండె."

సిరా దిమ్మె తెమ్మంది. తెచ్చి పెట్టాను. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి పట్టుకోబోయాను. విడిపించుకుంది. తనే వేలు అద్దుకుంది, తనే కాగితం మీద పెట్టి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు నిదానంగా దొర్లించింది. ముద్ర గీతలన్నీ చక్కగా పడ్డాయి. మొదటి కాగితం మీద నేను ఒత్తిన ముద్ర అలుక్కుపోయింది, నాకు గుర్తుంది.

"ఇది నేను పెట్టిన" అంది. "అది నువ్వు పెట్టినవ్."

తుడుచుకోవడానికి నా కొంగు చాచాను. అవ్వ దాని వైపు చూసి, లేచి, మగ్గం పక్కన గోడకు వేలు రాసుకుంది. మళ్ళీ గుంతలోకి దిగి నాడె పట్టుకుని నేయసాగింది. ఆ ఊదా మరక, పైన సున్నం కొట్టినా, మూడేళ్ళ దాకా గోడ మీద తేలుతూనే ఉండేది. శనివారం శనివారం నేను బస్సు దిగి ఇంట్లోకి రాగానే, దీపం గూట్లో కొత్త కవరు ఉందా లేదా అని చూసేముందు, నా కళ్ళు దాని మీదికే పోయేవి.